పిల్లి ఎక్కినా ఊగని చెట్టు

మా ఇంట్లో మొదటి క్యాట్ ట్రీ, అంటే పిల్లి ఎక్కడానికి, పడుకోవడానికి స్తంభాలకు పలకలు బిగించిన చెట్టులాంటి సామాను, 11 రోజులు నిలబడింది. 12వ రోజు రాత్రి ట్యూబ్‌లైటు పక్కన బల్లి కనబడింది. పై అంతస్తులో పడుకున్న పిల్లి దాని మీదికి అడ్డంగా దూకింది. బల్లి తప్పించుకుంది, పిల్లి సోఫాలో పడింది, చెట్టు వెళ్లి టీవీ స్టాండు మీద వాలింది. కొనేటప్పుడు నేను దుకాణంలో అడిగింది ఒక్కటే: "పెర్షియన్‌కి సరిపోద్దా?" వచ్చిన జవాబూ ఒక్కటే: "ఏ బ్రీడుకైనా సరిపోద్ది సార్." ఆ జవాబు అబద్ధమే. కానీ అసలు తప్పు నా ప్రశ్నలో ఉందని తెలియడానికి చాన్నాళ్లు పట్టింది.

చెట్టుకు పిల్లి జాతి పేరుతో పని లేదు. దానికి కావలసినవి మూడు సంగతులు: పిల్లి ఎంత బరువు, ఎలా దూకుతుంది, ఎలా పడుకుంటుంది. ఈ మూడింటి గురించీ జాతి కొంత చెబుతుంది, నిజమే. కానీ మన విశాఖలో ఆ పేరే నమ్మకం లేనిది. ఇక్కడ పిల్లుల్ని అమ్మేవాళ్ల నోట వినబడే మాటలు చూడండి: డాల్ ఫేస్, సెమీ పంచ్, పంచ్ ఫేస్, ట్రిపుల్ కోట్. అన్నీ ముక్కు గురించో బొచ్చు గురించో చెప్పేవే. కాళ్ల పొడవు గురించి, పెద్దయ్యాక ఎంత బరువు తూగుతుందో దాని గురించి ఒక్క మాటా ఉండదు. సెమీ పంచ్ పెర్షియన్ అని తెచ్చుకున్న పిల్లి కూనల్లో సగం నాటు రక్తం ఉన్నవి ఎన్నో. మాదీ అంతే. బొచ్చు పెర్షియన్‌ది, కాళ్లు మాత్రం కొత్త జాలారిపేటలో చేపల బుట్టల మధ్య తిరిగే పిల్లివి. అందుకే బల్లిని చూస్తే ఆగలేదు.

కాబట్టి ముందు తూకం. పిల్లిని ఎత్తుకుని బాత్రూమ్ స్కేలు ఎక్కండి, తర్వాత ఒంటరిగా ఎక్కండి, తేడా రాసుకోండి. చెట్టు కొనే పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన అంకె అదే.

పడిపోవడం వెనక లెక్క

ఆన్‌లైన్‌లో "20 కేజీల వరకు మోస్తుంది" అని రాస్తారు. అది పైన బరువు కదలకుండా కూర్చున్నప్పటి మాట. పిల్లి బస్తా కాదు. దాని కూర్చునే బరువుకు చెట్టు పడదు, దూకేటప్పుడు వెనక కాళ్లతో తన్నే తన్నుకు పడుతుంది.

ఒక మామూలు చెట్టు తీసుకుందాం. బరువు 12 కేజీలు, అడుగు పలక 50 సెంటీమీటర్ల చదరం, పై అంతస్తు 140 సెంటీమీటర్ల ఎత్తున. అది ఒరిగేది అడుగు పలక అంచు మీద. అంచు నుంచి మధ్యకు 25 సెంటీమీటర్లు. 12ని 25తో హెచ్చించి 140తో భాగిస్తే రెండు కేజీల పైచిలుకు వస్తుంది. అంటే పై అంచున మీరు వేలితో రెండు కేజీల పాటి తోపు తోస్తే చాలు, ఆ చెట్టు ఇవతలి అంచు పైకి లేస్తుంది. నాలుగు కేజీల పిల్లి పక్కకు దూకేటప్పుడు తన్నే తన్ను అంతకన్నా సులువుగా ఎక్కువే ఉంటుంది. అయితే ఆ తన్ను రెప్పపాటుదే కాబట్టి ప్రతిసారీ పడిపోదు, ఊగి నిలబడుతుంది. పిల్లికి ఆ ఊగడం చాలు. రెండుసార్లు కాళ్ల కింద కదిలిన చోటికి అది మళ్లీ వెళ్లదు. "మా పిల్లి క్యాట్ ట్రీ ఎక్కదండీ, డబ్బులు దండగ" అనేవాళ్ల ఇళ్లలో నేను ముందు చేసే పని ఆ చెట్టును చేత్తో ఊపి చూడడం.

ఇప్పుడు అదే చెట్టుకు అడుగు పలక 70 సెంటీమీటర్లు చేయండి: మూడు కేజీల తోపు దాకా ఆగుతుంది. పలక అలాగే ఉంచి బరువు రెట్టింపు చేయండి: నాలుగు దాటుతుంది. రెండూ చేస్తే ఆరు. ఎత్తు తగ్గిస్తే ఇంకా పెరుగుతుంది. పెరగవలసిన బరువు అడుగునే పెరగాలి, పైన ఇంకో గూడు తగిలిస్తే లాభం లేదు, నష్టమే. ఇక పై భాగాన్ని ఒక పట్టీతో గోడకు కట్టేస్తే ఈ లెక్కతో దాదాపు పనే ఉండదు, తన్ను గోడకు పోతుంది. అందుకే కొలతల్లో మొదట చూడవలసింది అడుగు పలక. అమ్మేవాళ్లు పెద్దక్షరాలతో వేసేది మాత్రం ఎత్తు.

మన నగరంలో దీనికి ఒక చవకైన మందుంది. వంటింటి గట్టు పరిచాక మిగిలిన గ్రానైట్ ముక్కలు మార్బుల్ షాపుల్లో పడి ఉంటాయి. 60 సెంటీమీటర్ల చదరం, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న ముక్క సుమారు 17 కేజీలు తూగుతుంది. దాన్ని అడుగు పలకకు కింద బోల్టులతో బిగించి, దాని కింద రబ్బరు షీటు వేస్తే 12 కేజీల చెట్టు ఒక్క దెబ్బకు 29 కేజీలవుతుంది, ఆ బరువంతా నేల మట్టానే ఉంటుంది. రబ్బరు ఎందుకంటే విట్రిఫైడ్ టైల్స్ మీద పడిపోని చెట్టు కూడా జారుతుంది.

ఎవరికి ఎలాంటిది

నాటు పిల్లితో మొదలుపెడతాను, దాన్ని ఈ విషయంలో ఎవరూ లెక్కలోకి తీసుకోరు కాబట్టి. మూడు నుంచి ఐదు కేజీలుంటుంది. ఆరోగ్యంగా ఉంటే నిలబడ్డ చోటి నుంచి మీటరున్నర ఎగరగలదు. బరువు తక్కువ కదా, తేలికపాటి చెట్టు చాలనుకుంటాం. తలకిందుల ఆలోచన అది. చెట్టును అన్నిటికన్నా గట్టిగా తన్నేది ఇదే. దీనికి మెత్తటి గూళ్లు, వేలాడే బంతులు అక్కర్లేదు. కావలసింది ఎత్తు, కదలని స్తంభం, పైన చుట్టూ చూడడానికి ఖాళీగా ఉన్న ఒక పలక. సియామీస్, బెంగాల్ పిల్లులకూ ఇదే వర్తిస్తుంది. బెంగాల్ ఆసియా చిరుతపిల్లి సంకరం, ఆరేడు కేజీలకు పోయే మగవి కూడా నాటు పిల్లిలాగే దూకుతాయి. కాబట్టి వాటికి గోడకు కట్టని చెట్టు వద్దే వద్దు.

పెర్షియన్ సంగతి వేరు. పొట్టి లావు కాళ్లు, బరువైన మొండెం, నొక్కేసినట్టుండే ముక్కు. ఎత్తుకు దూకడం మీద పెద్ద మోజు ఉండదు. అడ్డంగా తన్నే గొడవ తక్కువ కాబట్టి 90 సెంటీమీటర్ల చెట్టు చాలు. అంతస్తుకూ అంతస్తుకూ మధ్య 25, 30 సెంటీమీటర్లకు మించొద్దు. పలకలు వెడల్పుగా, ఒక అంచు కాస్త ఎత్తుగా ఉండాలి, ఒళ్లు మరిచి దొర్లుతుంది కనుక. అసలు చిక్కు వేడి. ముక్కు చిన్నదైన కొద్దీ ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది. పిల్లికి చెమట పట్టేది అరికాళ్లలోనే. ఏప్రిల్, మే నెలల్లో సముద్రపు ఉక్కపోత మనకే భరించరానిది. అలాంటప్పుడు లోపలంతా బొచ్చు గుడ్డ అంటించిన మూత గూడు దానికి కుంపటి. చలిదేశాల కోసం గీసిన నమూనాను అలాగే తెచ్చి మనకు అమ్ముతున్నారు. దానికి బదులు గాలాడే గూడు, ఉతుక్కునే నూలు గుడ్డ చూడండి.

ఉతకడం శుభ్రత కోసమే కాదు. పెర్షియన్లకు తామర తొందరగా అంటుకుంటుంది. ఆ శిలీంద్రపు బీజాలు రాలిన వెంట్రుకల్లో, గుడ్డల్లో నెలల తరబడి బతికే ఉంటాయి, మనుషులకూ సోకుతాయి. జిగురుతో అంటించేసిన బొచ్చు గుడ్డను ఉతకలేం. పిల్లికి మందు వాడి నయం చేసి, మళ్లీ అదే గూట్లో పడుకోబెడితే కథ మొదటికొస్తుంది. విప్పి ఉతికే వీలు లేని చెట్టు బొచ్చు పిల్లికి వద్దు అనడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.

మెయిన్ కూన్‌ను ఇప్పుడు ఇక్కడా పెంచుతున్నారు. మగది ఆరు నుంచి ఎనిమిది కేజీలు, కొన్ని అంతకు మించుతాయి. 2010లో అన్నిటికన్నా పొడవైన పెంపుడు పిల్లిగా గిన్నిస్‌కెక్కిన స్టూయీ ఈ జాతిదే. ముక్కు నుంచి తోక చివరి దాకా 123 సెంటీమీటర్లు. కానీ కొనేవాళ్లను బోల్తా కొట్టించేది దీని పరిమాణం కాదు, ఎదిగే తీరు. మిగతా పిల్లులు ఏడాదికి, ఏడాదిన్నరకు ఎదగడం ఆపేస్తాయి. ఇది మూడు నాలుగేళ్లు ఎదుగుతూనే ఉంటుంది. ఆరు నెలల కూనకు సరిపడ్డ చెట్టు మూడేళ్ల పిల్లి కింద విరుగుతుంది. కాబట్టి పెద్దయ్యాక ఉండబోయే బరువుకే కొనాలి. స్తంభం అడ్డుకొలత 10 సెంటీమీటర్లకు తక్కువ వద్దు, పలక కనీసం 45కు 60 ఉండాలి. తీగ చట్రానికి గుడ్డ తొడిగిన ఊయల గిన్నెలు దీనికి దండగ. తుంటి కీలు సరిగ్గా కుదరని జబ్బు కూడా ఈ జాతిలో ఉంది, కాబట్టి ఒంట్లో బలముంది కదా అని మెట్ల మధ్య ఎడం పెంచొద్దు. రాగ్‌డాల్‌కు ఇవే కొలతలు, కాస్త తక్కువ ఎత్తు.

స్కాటిష్ ఫోల్డ్ గురించి చెప్పడానికి నాకు మనసొప్పదు. చెవులు ముద్దుగా మడత పడేది మృదులాస్థి లోపం వల్ల. ఆ లోపం చెవులతో ఆగదు, కాళ్ల కీళ్లనూ తోకనూ పట్టుకుంటుంది. ఇంట్లో ఉంటే ఏటవాలు పలక, పొట్టి మెట్లు పెట్టండి. కొత్తగా కొనాలనుకుంటే వద్దు.

ఏ జాతిదైనా 12 ఏళ్లు దాటితే చాలా పిల్లులకు ఎక్స్‌రేలో కీళ్ల అరుగుదల కనబడుతుంది. పిల్లి దాన్ని దాచుకుంటుంది, కుంటదు. ఎప్పుడూ పడుకునే చోటు మానేసి కింది మెట్టు మీద పడుకోవడం మొదలుపెడుతుందంతే. ఇక్కడ మనం మరిచే సంగతి ఒకటుంది. పిల్లి గోళ్లు వెనక్కి వంగి ఉంటాయి. ఎక్కేటప్పుడు కొక్కేల్లా పట్టుకుంటాయి, తల ముందుకు పెట్టి దిగేటప్పుడు పట్టు దొరకదు. అందుకే దిగే చోట దూకుతుంది, ఆ బరువంతా ముంజేతుల మీద పడుతుంది. చెట్టును చూసేటప్పుడు ఎక్కడానికి దారుందా అని చూస్తాం. దిగడానికి దారుందా అని చూడాలి.

ఉప్పుగాలి తినేది

నా రెండో చెట్టు పడలేదు, లోపలే కుళ్లింది. డబ్బాలో వచ్చే చౌక చెట్ల పలకలు ఎక్కువగా పార్టికల్ బోర్డువి. రంపపు పొట్టును జిగురుతో అచ్చు పోసిన అట్టలవి. స్తంభాలేమో దళసరి కాగితపు గొట్టాలు, పైన తాడు చుట్టినవి. హైదరాబాద్‌లో ఇవి కొన్నేళ్లు ఆగుతాయేమో. ఎంవీపీ కాలనీలోనో ఎండాడలోనో సముద్రపు వైపు కిటికీ తెరిస్తే తేమ లోపలే ఉంటుంది. పార్టికల్ బోర్డు అంచులు ఉబ్బుతాయి, ఉబ్బిన పొట్టులో మరమేకు పట్టు వదులుతుంది, కాగితపు గొట్టం మెత్తబడుతుంది. పైకి బొచ్చు గుడ్డ ఉంటుంది కాబట్టి ఏదీ కనబడదు. ఒకరోజు ఉన్నట్టుండి చెట్టు ఒరుగుతుంది.

బోల్టులదీ అదే కథ. పలుచగా జింకు పూసిన బోల్టు తుప్పు పట్టి, బిగించబోతే తల ఊడి చేతికొస్తుంది. 304 రకం స్టెయిన్‌లెస్ బోల్టులు ఇంట్లోకి చాలు. బీచ్ రోడ్డు వైపు బాల్కనీలో పెట్టేదైతే 316 తెచ్చుకోవడం మేలు. ఇంకో సంగతి: స్తంభాన్ని పలకకు మధ్యలో ఒకే ఒక్క బోల్టుతో కలిపిన చెట్టు, పిల్లి గీరిన కొద్దీ మెలితిరిగి వదులవుతుంది. రెండు బోల్టులో, నాలుగు మరమేకుల పళ్లెమో ఉన్నది వెతకండి.

ఇన్ని చూశాక చేయించుకోవడమే నయమనిపించింది. కంచరపాలెంలో ఒక వడ్రంగి మేస్త్రి దగ్గరికి కాగితం మీద బొమ్మ గీసి పట్టుకెళ్లాను. చూసి, "పిల్లికేటి బాబూ, మేడేటి?" అని నవ్వాడు. కానీ కలపలో ఆయన తప్పు చేయలేదు. ప్లైవుడ్‌లో ఎంఆర్ రకం, అంటే కమర్షియల్ ప్లై, పొడి గదులకు. బీడబ్ల్యూఆర్ రకం తేమను తట్టుకుంటుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్నది మెరైన్ ప్లై, నీళ్లకే తట్టుకునేది. ఇంట్లో చెట్టుకు బీడబ్ల్యూఆర్ చాలు, మెరైన్ ప్లై ఆడంబరం. 19 మిల్లీమీటర్ల పలక 70 చదరం కోస్తే ఆరు కేజీల దగ్గర తూగుతుంది. రెండు పలకలు ఒకదాని మీద ఒకటి వేస్తే అడుగే 12 కేజీలు, నా మొదటి చెట్టు మొత్తం బరువంత.

స్తంభాలకు సరుగుడు బాదులు వాడదామన్నాను. మన తీరమంతా పెరిగేదే, గట్టిది, చౌక. మేస్త్రి ఒప్పుకున్నాడు గానీ షరతు పెట్టాడు: ఎండినవే తేవాలి. పచ్చి బాదు ఎండేకొద్దీ బీటలిస్తుంది, బోల్టు పట్టు పోతుంది. బెరడు తీసేయకపోతే పురుగు చేరుతుంది. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర గురించి అడిగితే మాత్రం తల అడ్డంగా ఊపాడు. అది లేత్ మీద తిప్పి చెక్కడానికి మెత్తటి కర్ర, స్తంభానికి కాదు. కలప దొరకనివాళ్లు లావుపాటి పీవీసీ పైపులో ఇసుక నింపి మూతలు బిగించుకోవచ్చు. ఆ ఇసుక మాత్రం బీచ్ నుంచి తేవొద్దు, ఉప్పు లోపలి బోల్టులన్నిటినీ తినేస్తుంది.

ఎక్కడ నిలబెట్టాలి

పుస్తకాల్లో, విదేశీ వీడియోల్లో కిటికీ పక్కన, ఎత్తుగా అంటారు. వాళ్ల ఇళ్లలో మన ఇళ్లలోలాగా ప్రతి గదికీ సీలింగ్ ఫ్యాన్ తిరగదు. మన ఫ్లాట్లలో రెక్కలు నేలకు ఎనిమిది అడుగుల ఎత్తున తిరుగుతుంటాయి. ఆరడుగుల చెట్టు మీద నుంచి పిల్లి పైకి ఎగిరితే అందే దూరమే. ఎత్తు చెట్టు ఫ్యాన్‌కు దూరంగా మూలన ఉండాలి. మూల అయితే రెండు వైపులా గోడలే ఆపుతాయి, పడే దారులు సగానికి తగ్గుతాయి. గోడకు రంధ్రం పెట్టనివ్వని ఇంటి ఓనరు ఉంటే, కిటికీ ఇనుప గ్రిల్లు ఉండనే ఉంది. పై అంతస్తు కింది స్తంభాన్ని నైలాన్ పట్టీతో గ్రిల్లుకు బిగించి కట్టండి. మా ఇంట్లో ఇప్పటికీ అదే ఏర్పాటు.

బాల్కనీలో పిట్టగోడ పక్కన పెట్టడం మాత్రం ప్రమాదం. చెట్టు ఎంత ఎత్తుంటే పిట్టగోడ అంత పొట్టిదైనట్టే. పావురాల కోసం కట్టిన నైలాన్ వలను పిల్లి కొరకగలదు, గోళ్లతో చీల్చగలదు. వలకు ఆనుకుని కాకిని చూస్తూ కూర్చున్న పిల్లి ఫోటోలు చూస్తే నాకు కాళ్లు వణుకుతాయి. నాలుగు కాళ్ల మీద పడుతుందిలే అనే ధీమా వద్దు. కాళ్ల మీద పడ్డా దవడ, రొమ్ము పగులుతాయి.

తాడు సంగతి

పిల్లి గీరేది గోళ్ల పైపొర రాల్చుకోవడానికి, ఒళ్లు విరుచుకోవడానికి, వేళ్ల మధ్య గ్రంథుల వాసన అంటించి "ఇది నాది" అని రాసుకోవడానికి. ఒళ్లు నిండుగా సాగాలంటే గీరే స్తంభం 80, 90 సెంటీమీటర్లన్నా ఉండాలి. చౌక చెట్లలో 30 సెంటీమీటర్ల ముక్కలుగా ఉంటుంది, అందుకే సోఫా బలవుతుంది.

కొబ్బరి తాడు పూర్ణా మార్కెట్‌లో దొరుకుతుంది గానీ నార గుచ్చుకుంటుంది, పీచు ఇల్లంతా రాలుతుంది. గోగునార మెత్తన, పిల్లికి ఇష్టమే, తొందరగా చిరుగుతుంది. ఇంగ్లీషు వాళ్లు సైసల్ అనేది మన కిత్తనారే, కిత్తలి మొక్కది. గట్టితనం, గరుకుతనం రెండూ ఉన్నది అదే. కొనేముందు వాసన చూడండి, నూనె పట్టించిన తాడైతే పిల్లి దగ్గరికి రాదు. ఎంత కావాలంటే: 10 సెంటీమీటర్ల లావు స్తంభానికి 8 మిల్లీమీటర్ల తాడు ఒక చుట్టుకు 34 సెంటీమీటర్లు తింటుంది. 80 సెంటీమీటర్ల ఎత్తుకు 100 చుట్లు, అంటే 34 మీటర్ల దాకా. ముడులకు ఇంకో మీటరు కలుపుకోండి. 20 మీటర్ల కట్ట తెచ్చి మధ్యలో ఆగిపోయాను నేను.

ఏడాదికోసారి తాడు మార్చాల్సి వస్తుంది. అన్ని స్తంభాలకూ ఒకే రోజు కొత్త తాడు చుడితే, పిల్లి తను రాసుకున్న రాతలన్నీ ఎవరో చెరిపేసినట్టు చూస్తుంది. మా దానికి అలా జరిగినప్పుడు వారం రోజులు పరుపు అంచునే గీరింది. ఇప్పుడు ఒక నెల ఒక స్తంభానికి, మరో నెల ఇంకోదానికి చుడుతున్నాను. తీసిన పాత తాడులో ఒక జానెడు ముక్క కొత్త తాడు పైచివర కట్టి వదిలేస్తాను.